యూడీ (ఫైబర్లన్నీ ఒకే దిశలో ఉన్న) కార్బన్ కూపన్ (పరీక్ష పట్టీ): 60% లోడ్ నుంచే టిక్ టిక్‌మంటోంది, అయినా తెగట్లేదు. తెగితే ఒక్కసారే పేలుతోంది

కూపన్_కష్టం
టీ700 కార్బన్ 12కే టో (12,000 ఫైబర్ల కట్ట), 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) కుట్టిన యూడీ క్లాత్, మూడు పొరలు, ఎపాక్సీ రెజిన్, వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ (గాలి లాగేసిన సంచిలోకి రెజిన్ ఎక్కించడం). ప్లేట్ మందం 1.04 మి.మీ. వచ్చింది. దాంట్లోంచి ఏఎస్‌టీఎం డీ3039 (లాగి చూసే పరీక్షకి స్టాండర్డ్) ప్రకారం 250 × 15 మి.మీ. కూపన్లు ఐదు కోసి, రెండు చివర్లా 56 మి.మీ. గ్లాస్ ట్యాబులు (గ్రిప్పు పట్టుకునే బిళ్లలు) అతికించి లాగాం.

తెగిన బలం సగటు 1450 మెగాపాస్కల్. కనిష్ఠం 1210, గరిష్ఠం 1640. ఫైబర్ డేటాషీట్‌లో 4900 అని ఉంది. మూడు కూపన్లు ట్యాబ్ అంచు దగ్గరే పోయాయి, రెండు మధ్యలో పేలాయి.

అర్థం కానిది ఇది. 13, 14 కిలోన్యూటన్ల నుంచే టిక్ టిక్ శబ్దాలు వస్తున్నాయి. గ్రాఫ్ మాత్రం తిన్నటి గీతలా వెళ్తూనే ఉంది, ఎక్కడా వంగట్లేదు. 22, 23 దగ్గర ఏ సూచనా లేకుండా ఢాం. ఫైబర్లు తెగుతుంటే స్టిఫ్‌నెస్ ఎందుకు తగ్గట్లేదు? మొదటి ఫైబర్ తెగడానికీ, లామినేట్ (పొరల ప్లేట్) మొత్తం పోవడానికీ మధ్య అసలేం జరుగుతోంది? మా గైడ్ అయితే మొదటి టిక్కునే ఫెయిల్యూర్ లోడ్‌గా రాయమంటున్నారు.

డెబ్భై_ఎంఎం_గేజ్
టిక్కు రావడం మామూలే. అందులో సగం ట్యాబ్ జిగురుది, క్లాత్ కుట్టుదారానిది కూడా అయి ఉండొచ్చు. మాడ్యులస్ (స్టిఫ్‌నెస్ కొలత) ఎంత వచ్చిందో చెప్పండి, అది లేకుండా 1450 గురించి ఎవరేం చెప్పినా ఊహే.

సున్నా_ప్లై
మొదటి టిక్కు ఫెయిల్యూర్ కాదు. రిపోర్టులో అలా రాయొద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగే.

మీ కూపన్ అడ్డకోత 15.6 చదరపు మి.మీ. మూడు పొరలు కలిపి చదరపు మీటరుకి 900 గ్రాముల ఫైబర్, సాంద్రత 1.8, మందం 1.04. అంటే ఫైబర్ వాటా 48 శాతం. ఒక్కో ఫైబర్ వ్యాసం 7 మైక్రాన్లు. లెక్క కడితే అడ్డకోతలో సుమారు 1,95,000 ఫైబర్లున్నాయి. ఒకే అడ్డకోతలో వెయ్యి తెగినా అది అర శాతమే. మీ గ్రాఫ్ వంగకపోవడానికి అదొక కారణం. అసలు కారణం వేరే ఉంది.

రెజిన్‌లో ఉన్న ఫైబర్ తెగితే, తెగిన చోట మాత్రమే దాని భారం సున్నా అవుతుంది. అక్కణ్ణించి పక్కకి జరిగేకొద్దీ చుట్టూ ఉన్న రెజిన్ షియర్ (పక్కకి జారేలా పడే ఒత్తిడి) ద్వారా భారాన్ని మళ్లీ దాంట్లోకి ఎక్కిస్తుంది. దీనికి కెల్లీ, టైసన్ 1965లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఫైబర్ బలం × వ్యాసం ÷ (2 × ఇంటర్‌ఫేస్ షియర్ బలం). ఇంటర్‌ఫేస్ అంటే ఫైబర్, రెజిన్ అతుక్కున్న చోటు. 4900, 7 మైక్రాన్లు, 50 మెగాపాస్కల్ పెడితే 0.34 మి.మీ. ఇది క్రిటికల్ లెంత్. తెగిన చోటికి అటూ ఇటూ కలిపి ఇంత ముక్కే బలహీనం. మీ గేజ్ (ట్యాబుల మధ్య భాగం) పొడవు 138 మి.మీ.లో మిగతాదంతా మళ్లీ పనిలో ఉన్నట్టే. స్టిఫ్‌నెస్ తగ్గకపోవడానికి ఇదీ కారణం.

ఇంకోటి. ఫైబర్ బలం ఒకే సంఖ్య కాదు. పొడవు పెరిగేకొద్దీ అందులో పెద్ద లోపం ఉండే అవకాశం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. వైబుల్ మాడ్యులస్ (బలంలో హెచ్చుతగ్గుల్ని చెప్పే సంఖ్య, స్టిఫ్‌నెస్ కాదు) 5 అనుకుంటే, 25 మి.మీ. ముక్క బలంతో పోలిస్తే 250 మి.మీ. ముక్క బలం 63 శాతమే. అదే 0.35 మి.మీ. ముక్కకి 2.3 రెట్లు. కాబట్టి బలహీనమైన చోట్లు ముందే, అక్కడొకటీ ఇక్కడొకటీ తెగిపోతాయి. ఏ ఒక్కటీ లామినేట్‌ని చంపదు. రోజెన్ 1964లో గ్లాస్ ఫైబర్లని ఒకే వరసలో పేర్చి లాగి చూపించింది ఇదే: చివరి లోడ్‌లో సగం కూడా రాకముందే తెగడం మొదలైంది.

చంపేది గుంపు. ఒక ఫైబర్ తెగితే షడ్భుజి అమరికలో చుట్టూ ఉన్న ఆరింటి మీదా ఒక్కోదానికి 10 శాతం అదనపు భారం పడుతుంది (హెడ్జ్‌పెత్, వాన్ డైక్ 1967 లెక్కలో 1.104). ఆ 0.34 మి.మీ. పరిధిలోనే పక్కది కూడా బలహీనంగా ఉంటే అదీ తెగుతుంది. రెండు కలిస్తే చుట్టుపక్కల భారం ఇంకా పెరుగుతుంది. అలా ఒకే తలంలో గుంపు కడతాయి. సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన) ఎక్స్‌రే కింద లాగుతూ చూసిన ప్రయోగాల్లో, చివరి లోడ్‌కి కాస్త ముందు వరకూ కనిపించిన గుంపులు పదీ పదిహేను ఫైబర్లకి మించలేదు. ఒక గుంపు తన హద్దు దాటిందంటే మిగతా 1,95,000 ఒక్క క్షణంలో పోతాయి. మీకు సూచన కనపడకపోవడానికి కారణం అదే.

బాలానగర్_మోల్డ్
మంచిగ చెప్పిన్రు. మా పోరగాండ్లకు నేను తాడు లెక్కనే చెప్త. తాడుల ఒక్కో పోగు తెగుతుంటది, ఇంక తట్టుకోలేనప్పుడు మొత్తం తెగుతది. అంతే కద?

సున్నా_ప్లై
@బాలానగర్_మోల్డ్ అక్కడే తేడా ఉందన్నా. తాడులో పోగు తెగితే దాని భారాన్ని మిగతా పోగులన్నీ దాదాపు సమానంగా పంచుకుంటాయి. ఇక్కడ అలా కాదు, పక్కవాటి మీదే పడుతుంది. డ్రై (రెజిన్ లేని) టోని గ్రిప్పులో పెట్టి లాగితే మీరు చెప్పిన తాడే: తెగిన ఫైబర్ పొడవంతా పనికిరాదు, గ్రాఫ్ కూడా మెల్లగా వంగి పడుతుంది. అదే టోకి రెజిన్ పట్టించి క్యూర్ చేసి (గట్టిపరిచి) లాగితే ఎక్కువ బలం వస్తుంది, కానీ పోయేటప్పుడు ఒక్కసారే పోతుంది. రెజిన్ వల్ల తెగిన ఫైబర్ మళ్లీ పనిలోకొస్తుంది, అదే రెజిన్ వల్ల భారం పక్కదాని మీద పోగవుతుంది.

శబ్దగ్రాహి
@కూపన్_కష్టం మీరు వింటున్నది ఒక్కో ఫైబర్ తెగడం కాదు. 7 మైక్రాన్ల ఫైబర్ తెగితే విడుదలయ్యే శక్తి ఒక మైక్రోజౌల్ కూడా ఉండదు (4900² ÷ (2 × 2,30,000) × అడ్డకోత × 0.34 మి.మీ. అని గుణించి చూసుకోండి, 0.7 వస్తుంది). యంత్రం మోత మధ్యలో అది చెవికి చేరదు. చెవికి వినపడేది అంచున సగంలో కోసిన టో ఊడిపోవడం, కుట్టు వెంబడి నిలువుగా చీలడం, ట్యాబ్ జిగురు విడిపోవడం. అసలు ఫైబర్ తెగుళ్లు వినాలంటే అకౌస్టిక్ ఎమిషన్ (ఏఈ) సెన్సర్, అంటే పదార్థంలోంచి వచ్చే సన్నని శబ్ద తరంగాల్ని పట్టేది, కావాలి.

కూపన్_కష్టం
మాడ్యులస్ 109 గిగాపాస్కల్. 50 మి.మీ. ఎక్స్‌టెన్సోమీటర్‌తో (సాగుదల కొలిచే పరికరం), 0.1 నుంచి 0.3 శాతం స్ట్రెయిన్ (సాగుదల) మధ్య తీసింది. ఐదింటికీ 107 నుంచి 111 లోపే.

డెబ్భై_ఎంఎం_గేజ్
సగం జవాబు ఇందులోనే దొరికింది.

48 శాతం ఫైబర్ వాటాకి రావాల్సిన మాడ్యులస్ 230 × 0.48 + 3 × 0.52 = 112. మీకు 109. అంటే ఫైబర్ వాటా బాగుంది, క్లాత్ పెద్దగా వంకర పోలేదు. రావాల్సిన బలం 4900 × 0.48 = 2350, దాంట్లో 85 శాతం అనుకున్నా 2000. మీకు 1450. మాడ్యులస్ సరిగ్గా ఉండి బలం మాత్రం తక్కువగా ఉందంటే ఫైబర్ని అనుమానించొద్దు. భారం ఎక్కడో ఒక చోట పోగవుతోంది. 1450 ÷ 1,09,000 అంటే 1.33 శాతం స్ట్రెయిన్ దగ్గరే పోయింది, టీ700 మాత్రం 2.1 దాకా వెళ్లగలదు.

మొదట చూడాల్సింది కోత దిశ. ఫైబర్‌కీ కూపన్ అంచుకీ మధ్య 1 డిగ్రీ తేడా ఉంటే 138 మి.మీ. గేజ్‌లో ఫైబర్ 2.4 మి.మీ. పక్కకి జరుగుతుంది. 2 డిగ్రీలైతే 4.8 మి.మీ. అంటే 15 మి.మీ. వెడల్పులో దాదాపు మూడో వంతు ఫైబర్లు ఒక గ్రిప్పులో మొదలై రెండో గ్రిప్పుకి చేరకుండా అంచులోంచి బయటికెళ్లిపోతాయి. వాటి భారమంతా రెజిన్ షియర్ మీద పడుతుంది, అక్కడ నిలువుగా చీలుతుంది. @శబ్దగ్రాహి చెప్పిన టిక్కులు అవే. 2 డిగ్రీల తేడా మాడ్యులస్‌లో దాదాపు కనపడదు, బలంలో మాత్రం బాగా కనపడుతుంది.

క్లాత్ పరిచేటప్పుడు ప్లేట్ అంచున రంగు గ్లాస్ దారం ఒకటి ఫైబర్ వెంబడి పెట్టండి. క్యూర్ అయ్యాక దానికి సమాంతరంగా డైమండ్ వీల్‌తో కోయాలి. దారం పెట్టకపోయి ఉంటే ప్లేట్ అంచుని చిన్నగా చీల్చండి, ఫైబర్ వెంటే చీలుతుంది. ఆ గీతే మీకు ఆధారం. కోసిన ప్లేట్ అంచుని నమ్మకండి. కోశాక అంచుల్ని 400, తర్వాత 600 నంబర్ ఎమెరీతో నీళ్లు పోస్తూ రుద్దాలి.

రెండోది ట్యాబ్. ఐదింట్లో మూడు ట్యాబ్ అంచు దగ్గరే పోయాయంటే అది మెటీరియల్ ఫలితం కాదు. ట్యాబ్ 1.5 మి.మీ. మందం ఉండాలి, లోపలి చివర 7 డిగ్రీల వాలు. అంత మందానికి ఆ వాలు పొడవు 12 మి.మీ. వస్తుంది. ఆ 12 మి.మీ. జా (గ్రిప్పు దవడ) బయటే ఉండాలి, జా దాన్ని నొక్కితే వాలు పెట్టి ఉపయోగం లేదు. గ్లాస్ ట్యాబ్‌లో ఫైబర్లు ±45 డిగ్రీల్లో ఉంటే మంచిది. జిగురు వాలు కొసన గడ్డ కట్టకుండా తుడవండి. గ్రిప్ ప్రెషర్ జారనంత వరకే, అంతకు మించితే జా పళ్లే ఫైబర్లని నలిపేస్తాయి.

మూడోది వంపు. ఒక కూపన్‌కి ముందు రెండు, వెనక ఒకటి స్ట్రెయిన్ గేజ్‌లు పెట్టి లాగండి. బెండింగ్ 3 నుంచి 5 శాతం దాటితే గ్రిప్పుల అలైన్‌మెంట్ సరిచేయించాలి.

బాలానగర్_మోల్డ్
కోత, ట్యాబ్ సరే. పరిచేటప్పుడు కూడ చూసుకోవాలె.

కుట్టిన యూడీ క్లాత్‌ను రోల్ కెల్లి తీసి మడతపెట్టి తెస్తే అయిపాయె. మడత పడ్డ కాడ టో వంకరైతది, మల్ల ఎంత సాపు చేసినా పూరాగ పోదు. రోల్ మీదనే కొలిచి కోసి, పలక మీద బల్లపరుపుగ తేవాలె. పరిచినంక చేత్తోని కాదు, టెఫ్లాన్ రోలర్‌తోని ఫైబర్ దిక్కుకే దువ్వాలె. అడ్డం దువ్వితే టో జరుగుతది.

ఇంకోటి ఏమైతదంటే, వాక్యూమ్ గుంజినప్పుడు బ్యాగ్ మడతలు క్లాత్ మీద అచ్చు పడ్తయి. ఆ మడత కింద రెజిన్ కాలువ లెక్క నిలుస్తది, ఫైబర్ పైకి లేస్తది. పీల్ ప్లై (గట్టిపడ్డంక ఊడగుంజే గుడ్డ), దాని మీద సన్నం అల్యూమినియం కాల్ ప్లేట్ (సాపుగ ఒత్తే రేకు) పెడితే మడత దిగదు. రెజిన్ ఇచ్చే ముందట పంపు బందు చేసి పది నిమిషాలు వాక్యూమ్ గేజ్ చూడున్రి. ముల్లు కదిలితే ఎక్కడో లీకున్నట్టే. లీకుంటే బుడగలు, బుడగలుంటే షియర్ బలం పోతది.

ఆగస్టుల మన దగ్గర వాన పడుతుంటే షెడ్డుల తేమ ఎక్కువ. హార్డనర్ డబ్బా మూత తీసిపెట్టకున్రి, అమైన్ హార్డనర్ తేమను, గాలిల కార్బన్ డయాక్సైడ్‌ను గుంజుకుంటది, పైన జిడ్డు తేలుతది. పీల్ ప్లై గుంజినంక ట్యాబ్ అతికే కాడ ఆ జిడ్డుంటే ట్యాబ్ ఊడుతది. గోరువెచ్చని నీళ్లతోని కడిగి, ఆరినంక ఎమెరీ కొట్టి, ఐసోప్రొపైల్‌తోని తుడిచినంకనే అతకాలె.

ఇంటర్‌ఫేస్_20
@సున్నా_ప్లై లెక్కనే తిరగేసి అడుగుతాను. ఇంటర్‌ఫేస్ బలం పెంచితే క్రిటికల్ లెంత్ తగ్గుతుంది కదా. 20 మెగాపాస్కల్ ఉంటే 0.86 మి.మీ., 50 అయితే 0.34. తెగిన ఫైబర్ తొందరగా పనిలోకొస్తుంది. అంటే ఇంటర్‌ఫేస్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదేగా?

సున్నా_ప్లై
కాదు. మరీ గట్టిదైతే ఫైబర్ తెగిన చోట పుట్టిన పగులు రెజిన్‌లోంచి నేరుగా పక్క ఫైబర్లోకి దూసుకెళ్తుంది. గుంపు తొందరగా కడుతుంది, తెగిన ముఖం చదునుగా ఉంటుంది. మరీ వదులైతే తెగిన ఫైబర్ పొడుగునా విడిపోతుంది, కూపన్ నిలువునా చీలికలవుతుంది. మధ్యలో ఉండాలి: పగులు కొంచెం దూరం ఇంటర్‌ఫేస్ వెంట మళ్లి ఆగిపోవాలి.

ఫ్రాక్టో_పిచ్చి
పైది వంద శాతం నిజం. ఒక చేర్పు: ఫైబర్ సైజింగ్ (రెజిన్ పట్టడానికి ఫైబర్ మీద వేసే పూత) ఏ రెజిన్ కోసమో చూసి కొనండి. ఎపాక్సీ సైజింగ్ ఉన్న కార్బన్‌కి పాలియెస్టర్ పోస్తే ఇంటర్‌ఫేస్ నీరసంగా ఉంటుంది. జీడిమెట్లలో చిల్లరగా కొనే క్లాత్‌కి సైజింగ్ వివరం అడిగి రాయించుకోండి. అనుమానముంటే డీ2344 షార్ట్ బీమ్ పరీక్ష (పొరల మధ్య షియర్ బలం చూసేది) చేయండి, అరగంట పని. మంచి కార్బన్ ఎపాక్సీకి 60, 70 మెగాపాస్కల్ వస్తుంది. 35, 40 వస్తే సైజింగో బుడగలో చూడాలి.

ఇక తెగిన ముక్కల సంగతి. పారేయకండి. లాగే ముందే గేజ్ చుట్టూ పల్చటి ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టండి, పేలినా ముక్కలు దాంట్లోనే ఉంటాయి. పాలీకార్బొనేట్ షీల్డ్, కళ్లద్దాలు తప్పనిసరి. చర్మంలో దిగిన కార్బన్ పుల్ల విరిగిపోతుంది, బయటికి రాదు.

సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద తెగిన ఫైబర్ కొసని దగ్గరగా చూస్తే, పైపొర మీద ఒక చుక్క దగ్గర్నుంచి గీతలు విచ్చుకుంటూ అవతలి అంచుకి పోతాయి. ఆ చుక్కే ఆ ఫైబర్ తెగడం మొదలైన చోటు. పక్కపక్క ఫైబర్లలో ఈ గీతలు ఒకే దిక్కుకి ఉంటే పగులు ఒకదాన్నించి ఇంకోదానికి పాకిందని అర్థం. గీతల్ని వెనక్కి అనుసరిస్తూ పోతే గుంపు పుట్టిన ఫైబర్ దొరుకుతుంది. దిక్కులు చెల్లాచెదురుగా ఉండి, ఫైబర్లు వేర్వేరు ఎత్తుల్లో బయటికి పొడుచుకొచ్చి ఉంటే విడివిడిగా తెగాయన్నమాట. కొసకి సగం గీతలు, సగం గరుకు, మధ్యలో అడ్డగీత ఉంటే అది వంగి తెగింది. ట్యాబ్ దగ్గర పోయిన మీ మూడు కూపన్లలో ఈ వంగిన గుర్తు కోసం వెతకండి. ముక్కల్ని గోల్డ్ కోటింగ్ చేయించండి. ఫైబర్ కరెంటు ప్రసరిస్తుంది గానీ రెజిన్ ఛార్జ్ అయి బొమ్మ చెదురుతుంది.

క్రాస్_ప్లై
ఇదంతా ఒట్టి సున్నా డిగ్రీల ప్లేట్ కథ. అసలు భాగాలు ఎవరూ ఒట్టి యూడీతో చేయరు. 90, ±45 డిగ్రీల పొరలు కలిపాక పోయే వరస మారుతుంది.

0/90 లామినేట్ లాగితే ముందు పోయేది 90 పొర. 0.4 నుంచి 0.6 శాతం స్ట్రెయిన్‌లోనే దాంట్లో రెజిన్ అడ్డంగా పగుళ్లిస్తుంది, ఫైబర్ ఒక్కటీ తెగదు. లోడ్ పెరిగేకొద్దీ పగుళ్ల మధ్య దూరం తగ్గుతూ వచ్చి ఒక చోట ఆగుతుంది. ఆ తర్వాత పగులు కొస దగ్గర 0, 90 పొరల మధ్య డీలామినేషన్ (పొరలు విడిపోవడం) మొదలవుతుంది. 0 పొరలో ఫైబర్లు ఎక్కువగా తెగేది సరిగ్గా ఆ పగులు కొసలు తాకే చోటే. అంటే 90 పొర తను పోతూ 0 పొరలో గుంపు ఎక్కడ కట్టాలో చూపించి పోతుంది.

శక్తి లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. పొరల మధ్య విడదీయడానికి చదరపు మీటరుకి 0.2, 0.3 కిలోజౌళ్లు చాలు. ఫైబర్లకి అడ్డంగా తెంచడానికి సుమారు 90 కావాలి. మూడొందల రెట్లు. కాబట్టి పగులు ఎప్పుడూ ఫైబర్ని తప్పించుకునే దారే వెతుకుతుంది. ఫైబర్ తెగక తప్పని పరిస్థితి వచ్చిందంటే మిగతా దారులన్నీ అయిపోయినట్టే.

డిజైన్ చేసేటప్పుడు ఒకే దిశ పొరల్ని నాలుగైదు ఒకే చోట పేర్చకండి. మందపాటి 90 గుత్తిలో పగులు తొందరగా వస్తుంది, పెద్దదిగా వస్తుంది. సన్నగా విడగొట్టి మధ్యలో వేరే దిశ పెట్టండి. ప్రతి దిశలోనూ కనీసం 10 శాతం ఫైబర్ ఉండాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు.

డ్రోన్_మూడో_ఏడు
మా డ్రోన్ ఆర్మ్ 2 మి.మీ. ప్లేట్, మొత్తం పొడవు దిశలోనే ఫైబర్. ఎం3 బోల్ట్ దగ్గర రంధ్రం వెడల్పున ఒక పట్టీ అలాగే బయటికి జారిపోయింది. ఫైబర్లు తెగలేదు. ఇదెలా?

క్రాస్_ప్లై
షియర్ అవుట్. అన్నీ 0 డిగ్రీలైతే బోల్ట్ ముందున్న పట్టీని పక్కవాటితో కలిపి ఉంచేది రెజిన్ ఒక్కటే. అంచు దూరం ఎంత పెంచినా పెద్దగా లాభం ఉండదు. బోల్ట్ దగ్గర సగం పొరలు ±45 ఉండాలి. రంధ్రం మధ్య నుంచి అంచు దాకా కనీసం 3 రెట్ల వ్యాసం, అంటే 9 మి.మీ. వెడల్పు 4 నుంచి 6 రెట్లు. అలా చేస్తే బేరింగ్‌లో (బోల్ట్ ఒత్తే చోట) మెల్లగా నలుగుతుంది, ఒక్కసారి ఊడదు.

క్వాసీ ఐసోట్రోపిక్ (ప్లేట్ తలంలో అన్ని దిశలకీ ఫైబర్లు సమంగా పంచిన) ప్లేట్‌లో రంధ్రం పక్కన ఒత్తిడి 3 రెట్లు. అయినా బలం మూడో వంతుకి పడదు. రంధ్రం అంచున 0 పొర నిలువుగా చిన్నగా చీలి ఒత్తిడిని పంచేస్తుంది. విట్నీ, న్యూయిస్మర్ 1974 పద్ధతిలో రంధ్రం అంచు నుంచి 1 మి.మీ. దూరంలోని ఒత్తిడితో లెక్క కడితే 3 మి.మీ. రంధ్రానికి 73 శాతం, 6 మి.మీ.కి 57 శాతం మిగులుతుంది. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ నష్టం ఎక్కువ.

బాలానగర్_మోల్డ్
@డ్రోన్_మూడో_ఏడు రంధ్రం కొట్టేటప్పుడు వెనుక చెక్క ముక్క గట్టిగ బిగించాలె. లేకుంటే డ్రిల్ బయటికొచ్చే కాడ ఆఖరి పొర చిట్లి లేస్తది. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు కొన్ని రంధ్రాలకే మొద్దుబారుతది, కార్బైడ్ వాడున్రి, రాణిగంజ్‌ల దొరుకుతది. స్పీడు ఎక్కువ, ఒత్తుడు తక్కువ. రంధ్రం లోపల బొచ్చు కనపడ్డదంటే బిట్టు పోయినట్టే. దుమ్ముకు మాస్కు, వ్యాక్యూమ్ క్లీనర్ తప్పనిసరి. ఆ దుమ్ము కరెంటు పట్టుకుంటది, మోటర్ కంట్రోలర్ పక్కన అసలే కొట్టకున్రి.

కింక్_బ్యాండ్
అందరూ లాగడం గురించే రాస్తున్నారు. నొక్కితే ఫైబర్ వేరే రకంగా తెగుతుంది, ప్రమాదం కూడా ఎక్కువ.

కంప్రెషన్‌లో ఫైబర్ నిటారుగా ఉన్నంతసేపే బలం. ఎక్కడో 2 డిగ్రీలు వంకరుంటే అక్కడ రెజిన్ షియర్‌లో లొంగుతుంది, ఫైబర్లన్నీ ఒక పట్టీలో ఒకేసారి పక్కకి ఒరిగి రెండు చోట్ల విరుగుతాయి. అదే కింక్ బ్యాండ్, వెడల్పు పదీ పదిహేను ఫైబర్ వ్యాసాలు. బుడియాన్‌స్కీ 1983 సూత్రం: షియర్ ఈల్డ్ (షియర్‌లో లొంగే ఒత్తిడి) ÷ (వంకర + ఈల్డ్ స్ట్రెయిన్), కోణాలు రేడియన్లలో. షియర్ ఈల్డ్ 60 మెగాపాస్కల్, షియర్ మాడ్యులస్ 4.5 గిగాపాస్కల్ పెట్టండి. 2 డిగ్రీల వంకరకి 1244 మెగాపాస్కల్. 4 డిగ్రీలకి 722. @బాలానగర్_మోల్డ్ గారు చెప్పిన బ్యాగ్ మడత లాగేటప్పుడు కొంచెమే చెరుపు చేస్తుంది, నొక్కేటప్పుడు బలాన్ని సగం చేస్తుంది.

2023 జూన్‌లో సముద్రం లోతులో నీటి ఒత్తిడికి నలిగిపోయిన టైటాన్ సబ్‌మెర్సిబుల్ ఇందుకు ఉదాహరణ. దాని కార్బన్ సిలిండర్ ఐదు మందపాటి అంచెలుగా చుట్టి క్యూర్ చేసింది. బయటి నీటి ఒత్తిడి అంటే పూర్తిగా కంప్రెషన్. దర్యాప్తులో ఆ గోడలో మడతలు, బుడగలు ఉన్నట్టు తేలింది. 2022 జూలైలో ఒక డైవ్ చివర పెద్ద చప్పుడు వచ్చింది, ఆ తర్వాత స్ట్రెయిన్ గేజ్ రీడింగులు మారాయి. లాగే కూపన్‌లో టిక్కుల్ని సహించొచ్చు. కంప్రెషన్ భాగంలో చప్పుడు తర్వాత స్ట్రెయిన్ మారిందంటే దాన్ని మళ్లీ వాడకూడదు.

శబ్దగ్రాహి
ఆ చివరి వాక్యం గోడ మీద రాసి పెట్టుకోవాలి. చప్పుడు ఒక్కటే చూడకండి, దాంతో పాటు ఏం మారిందో చూడండి.

ఏఈ పెట్టేవాళ్లకి: గేజ్ రెండు చివర్లా ఒక్కో సెన్సర్, థ్రెషోల్డ్ 40 డెసిబెల్స్. రెండింటికీ చేరే సమయంలో తేడాని బట్టి చోటు తెలుస్తుంది, ట్యాబ్ వైపు నుంచి వచ్చేవన్నీ తీసేయొచ్చు. తర్వాత సగం లోడ్ దాకా వెళ్లి దింపి మళ్లీ ఎక్కించండి. ఫైబర్ ఒకసారి తెగితే మళ్లీ తెగదు, కాబట్టి పాత లోడ్ దాటేదాకా నిశ్శబ్దంగా ఉండాలి. పాత లోడ్ రాకముందే చప్పుళ్లు మొదలైతే అది పగులు ముఖాలు రాసుకోవడం, లేదా డ్యామేజీ పెరుగుతూనే ఉండటం. పౌనఃపున్యాన్ని బట్టి ఇది రెజిన్, ఇది ఫైబర్ అని గీత గీయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సెన్సర్ మారితే, ప్లేట్ మందం మారితే ఆ గీత జరుగుతుంది.

మెష్_మాష్టారు
అబాకస్‌లో (కంప్యూటర్‌లో ఒత్తిడి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్) హాషిన్ (పొర ఎప్పుడు పోతుందో చెప్పే సూత్రాలు) పెట్టేవాళ్లకి ఒక మాట. ఫైబర్ తెగడానికి ఫ్రాక్చర్ ఎనర్జీ ఇచ్చామంటే ఎలిమెంట్ (మోడల్‌ని విడగొట్టిన చిన్న ముక్క) సైజుకి హద్దుంటుంది: 2 × మాడ్యులస్ × ఎనర్జీ ÷ బలం². 1,30,000, 90, 2000 పెడితే 5.85 మి.మీ. అంతకంటే పెద్ద ఎలిమెంట్ అయితే స్నాప్ బ్యాక్ (గ్రాఫ్ వెనక్కి తిరగడం) వస్తుంది, సాల్వర్ ఆగిపోతుంది లేదా తప్పు శక్తి చూపిస్తుంది. రెజిన్ పగుళ్లకి ఈ హద్దు 2 మి.మీ. దగ్గరికి పడిపోతుంది. కాబట్టి మెష్‌ని (ఎలిమెంట్ల అమరికని) నిర్ణయించేది రెజిన్, ఫైబర్ కాదు. పైగా హాషిన్ పొర లోపలి సంగతే చూస్తుంది. డీలామినేషన్ కావాలంటే పొరల మధ్య కొహెసివ్ ఎలిమెంట్లు (అతుకు విడిపోవడాన్ని చూపించేవి) వేరుగా పెట్టాలి. @క్రాస్_ప్లై చెప్పిన వరస మోడల్‌లో రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

కూపన్_కష్టం
అందరికీ థ్యాంక్స్. ప్లేట్ అంచు చీల్చి చూశాను, ఫైబర్ గీతకీ మా కోతకీ 1.5 డిగ్రీల తేడా ఉంది. ట్యాబులకి వాలు లేదు, 90 డిగ్రీలే. మిగిలిన ప్లేట్‌లోంచి కొత్త కూపన్లు కోయిస్తాను. పాత ఐదింటినీ రిపోర్టులో ఏం చేయాలి? తీసేయాలా?

డెబ్భై_ఎంఎం_గేజ్
తీసేయొద్దు, కలపొద్దు. ఐదింటికీ డీ3039 ఫెయిల్యూర్ కోడ్ రాయండి. పై ట్యాబ్ దగ్గర అడ్డంగా పోయినదానికి ఎల్‌ఏటీ, గేజ్ మధ్యలో పేలినదానికి ఎక్స్‌జీఎం. ట్యాబ్ నుంచి ఒక కూపన్ వెడల్పు లోపల, అంటే 15 మి.మీ. లోపల పోయినవి ఎక్కువగా ఉంటే గ్రిప్పింగ్ పద్ధతిని మళ్లీ చూడమని స్టాండర్డే చెప్తోంది. ఆ బలం సంఖ్యలు "ట్యాబ్ ఫెయిల్యూర్" అని రాసి పట్టికలో ఉంచండి, సగటులోకి తేవద్దు. మాడ్యులస్ విలువలు ఐదూ వాడుకోవచ్చు, అవి 0.3 శాతం లోపు తీసినవి, అప్పటికి ట్యాబ్ దగ్గర ఏమీ జరగలేదు.

మొదటి టిక్కు లోడ్‌ని వేరే వరసలో "మొదట వినిపించిన శబ్దం" అని రాయండి. మీ గైడ్ అడిగితే స్ట్రెయిన్ గ్రాఫ్ చూపించండి.

కొత్త ట్యాబుల వాలు ప్లేట్‌కి అతికించాక రుద్దొద్దు, ఎమెరీ జారి కార్బన్ పైపొర మీద గీత పడుతుంది. ట్యాబ్ పట్టీకే ముందు వాలు తీసి, అప్పుడు అతికించండి. ఐదు కాదు, ఏడు కోయండి. మొదటిది గ్రిప్ ప్రెషర్ సరిచూసుకోవడానికి, రెండోది మూడు గేజ్‌లతో బెండింగ్ చూడటానికి, మిగతా ఐదూ లెక్కలోకి.